స్ట్రాంబోలీలో ‘అగ్నిపర్వతం కనిపించే గది’కి డబ్బు పోయకండి

ఇటలీలోని సిసిలీకి ఉత్తరాన ఉన్న ఈ చిన్న దీవిలో బస వెతికేటప్పుడు ‘వల్కనో వ్యూ’ అని ఊరించే గదిని వదిలేయండి. కిటికీలోంచి కొండ కనిపించే మాట నిజమే, నిప్పు మాత్రం కనిపించదు. పేలే బిలాలు 924 మీటర్ల శిఖరానికి అవతల, వాయవ్యం వైపు, సుమారు 750 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. ఊరేమో ఈశాన్యాన. రాత్రంతా బాల్కనీలో కాపలా కాసినా దక్కేది గుడగుడ శబ్దమే. దానికి అదనంగా డబ్బు గుంజడం పచ్చి దోపిడీ. పక్కనున్నవాళ్లు ‘ఇంతేనా?’ అని మొహం ముడుచుకోవడం దీనికి కొసరు.

ఆ డబ్బుతో సాయంత్రం పడవ ఎక్కండి. మనిషికి 25-30 యూరోలు. సూర్యాస్తమయానికి కాస్త ముందు బయల్దేరి, లావా జారే షారా దెల్ ఫువోకో వాలు ఎదుట ఇంజన్ ఆపేస్తారు. సాధారణంగా పది, ఇరవై నిమిషాలకోసారి ఎర్రటి రవ్వల గుత్తి లేస్తుంది. రాళ్లు నల్లటి వాలు మీద దొర్లుతూ చల్లారిపోతాయి. అయితే వాయవ్యపు గాలి ఉన్న రోజు ఎక్కొద్దు. అలలు సరిగ్గా ఆ వైపే తాకుతాయి, ఆగిన పడవ ఊగి ఊగి వాంతులు తెప్పిస్తుంది. వాంతి మాత్ర అరగంట ముందే వేసుకోవాలి.

నడిచేవాళ్లకు: 2019 జులై 3 నాటి పేలుడులో ఒక పర్యాటకుడు చనిపోయాక శిఖరం దారి మూసేశారు. ‘శిఖరం దాకా’ అని ఎవరైనా అమ్మితే నమ్మకండి. మామూలు రోజుల్లో గైడు లేకుండా 290 మీటర్ల వరకు, గైడుతో 400 వరకు. కొండ తీరు మారితే అదీ ఉండదు, ముందు రోజు అడిగి చూసుకోండి. రేవు నుంచి పీషితా పేట, పుంటా లబ్రోంజో కొన మీదుగా 290 మీటర్లకు గంటన్నర. చెప్పులతో వెళ్తే నల్ల ఇసుక కాళ్లు కోసేస్తుంది. ఊళ్లో వీధి దీపాలు లేవు కాబట్టి తలకు కట్టుకునే టార్చి తప్పనిసరి.

శాకాహారులకు టమాటా, కేపర్ మొగ్గల పాస్తా దొరుకుతుంది, కాకపోతే అందులో ఆంకోవీ చేపలు కలపలేదని అడిగి తెలుసుకోండి.

సిసిలీలోని మిలాజో రేవు నుంచి హైడ్రోఫాయిల్ (వేగంగా వెళ్లే పడవ) దాదాపు మూడు గంటలు. సముద్రం రేగితే రద్దు చేసేస్తారు, అందుకే దీవి వదిలే రోజుకే కటానియా నుంచి విమానం బుక్ చేయొద్దు.