అమ్మానాన్నల హెల్త్ పాలసీ: ఊరి ఏజెంటు మేలా, ఆన్‌లైన్ మేలా?

2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా తీసుకునే హెల్త్ పాలసీల మీద జీఎస్టీ ఎత్తేశారు. 30,000 ప్రీమియం మీద 5,400 పన్ను కట్టేవాళ్లం, ఇప్పుడది లేదు. అప్పటి నుంచి హైదరాబాద్, బెంగళూరు, కువైట్, ఎక్కడున్న కోనసీమ పిల్లలైనా నన్నడిగేది ఒక్కటే. "అమ్మానాన్నలు ఊళ్లో ఉన్నారు, ఇద్దరికీ అరవై దాటింది. పాలసీ నేనే ఫోన్లో తీసేసుకోనా, మన ఊరి ఏజెంటు చేత చేయించమంటారా?" ఎన్టీఆర్ వైద్య సేవ వర్తించే ఇళ్ల సంగతి వేరు. సొంత డబ్బుతో పాలసీ తీసుకునేవాళ్ల గురించే ఇక్కడ మాట్లాడుతున్నా.

ఆన్‌లైన్‌లో ఉన్న సౌకర్యం కాదనలేనిది. నాలుగైదు కంపెనీల పాలసీలు పక్కపక్కన పెట్టుకుని చూడొచ్చు. గది అద్దెకు పరిమితి ఉందా, కో-పే (బిల్లులో మనం భరించాల్సిన వాటా) ఎంత, ముందే ఉన్న జబ్బులకు క్లెయిం రావాలంటే ఎన్నేళ్లు ఆగాలి అన్నవి మీరే చదువుకోవచ్చు. సొంత వెబ్‌సైట్‌లో కొన్నవారికి ప్రీమియం కొంత తగ్గించే కంపెనీలూ ఉన్నాయి.

ఊరి ఏజెంటు దగ్గర అన్ని రకాలు దొరకవు. చట్టప్రకారం ఒక ఏజెంటు ఒక లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీకి, ఒక జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీకి, ఒక హెల్త్ కంపెనీకి మించి పనిచేయడానికి సాధారణంగా వీల్లేదు. "నేను ఎవరి మనిషినీ కాదండి, అన్ని కంపెనీలవీ చేస్తాను" అన్నాడంటే, ఏదో బ్రోకరు (పలు కంపెనీల పాలసీలు అమ్మే సంస్థ) కింద పాయింట్ ఆఫ్ సేల్స్ పర్సన్‌గా నమోదై ఉండాలి. దానికి పదో తరగతి, 15 గంటల శిక్షణ చాలు. అందులో తప్పేమీ లేదు. ఏ బ్రోకరో, ఆ బ్రోకరు దగ్గర ఏయే కంపెనీలున్నాయో మాత్రం అడిగి తెలుసుకోవాలి. మన వైపు ఎల్‌ఐసీ ఏజెంట్లు పనిలో పనిగా హెల్త్ పాలసీలూ చేస్తుంటారు. ఎల్‌ఐసీలో ఎంత పేరున్నా, హెల్త్ సంగతి విడిగా అడిగి చూడాల్సిందే.

ఏజెంటు వైపు మొగ్గేవాళ్లు సాధారణంగా చెప్పే కారణం క్లెయిం. రాత్రివేళ కాకినాడలోనో రాజమండ్రిలోనో చేర్చాల్సి వస్తే పక్కన మనిషి ఉంటాడని. నిజమే, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే ఫోను గొంతుతో మన పెద్దవాళ్లు వేగలేరు. కానీ క్లెయిం ఇవ్వడం ఇవ్వకపోవడం ఏజెంటు చేతిలో లేదు. క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే ఆసుపత్రికి నేరుగా కట్టే పద్ధతి) అనుమతి గంటలో, డిశ్చార్జి నాటి తుది అనుమతి మూడు గంటల్లో తేల్చాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో కంపెనీలకు గడువు పెట్టింది. ఆ కాస్త సమయంలో కంపెనీ ముఖ్యంగా చూసేవి ఆసుపత్రి కేస్‌షీటు, పాలసీ నాడు ఆరోగ్య వివరాలతో మీరు నింపిచ్చిన ప్రపోజల్ ఫారం. ఆ రెండింటికీ పొంతన కుదరకపోతే ఎంత పలుకుబడి ఉన్న ఏజెంటు వచ్చి నిలబడ్డా కష్టమే. అందుకే ఏది మేలన్నది ఫారం ఎవరు, ఎలా నింపారన్న దాన్ని బట్టే తేల్చుకోవాలంటాను.

బెంగళూరులో కూర్చుని ఫారం నింపే కొడుక్కి నాన్న ఒంట్లో ఏముందో పూర్తిగా తెలియదు. "షుగరుందా నాన్నా" అంటే "కొద్దిగా ఉందిరా, మాత్ర వేసుకుంటున్నాగా" అంటారు. ఎన్నేళ్లుగా అంటే గుర్తుండదు. ఆర్‌ఎంపీ డాక్టరు ఇచ్చిన మాత్రలకు చీటీ ఉండదు. మొన్నెప్పుడో ఆయాసం వస్తే భీమవరం తీసుకెళ్లి ఈసీజీ, ఎకో తీయించిన సంగతి, పిల్లలు కంగారు పడతారని చెప్పనే చెప్పరు. కొడుకు తనకు తెలిసినంతలో 'లేదు', 'లేదు' అని నొక్కుకుంటూ పోతాడు. అందులో మోసం చేసే ఉద్దేశమేమీ లేదు.

తర్వాతెప్పుడో ఆసుపత్రిలో చేరినప్పుడు డ్యూటీ డాక్టరు షుగర్ ఎన్నాళ్లుగా ఉందని అడుగుతాడు. పక్కనున్న అమ్మ "ఆయ్, పదేళ్లుంటుందండీ" అంటుంది. కేస్‌షీటులో పదేళ్లని పడుతుంది. పాలసీకి రెండేళ్లే నిండితే, ముందే ఉన్న జబ్బు దాచారని కంపెనీ క్లెయిం తిప్పి కొట్టొచ్చు, పాలసీనే రద్దు చేయొచ్చు.

అదే ఏజెంటు ఇంటికొచ్చి కూర్చుని రాస్తే ఇవన్నీ బయటికొస్తాయి. మాత్రల డబ్బా తెమ్మంటాడు, బీరువాలోంచి పాత రిపోర్టులు తీయిస్తాడు. నాన్న దాటేసింది అమ్మ చెబుతుంది. అదే పేట మనిషైతే అడక్కుండానే సగం తెలుసు. ప్రమాదమూ అక్కడే ఉంది. "షుగర్ రాస్తే ప్రీమియం పెరుగుద్దండి, టెస్టులంటారు, వదిలేద్దాం. మూడేళ్లు దాటితే ఇంకెవరూ అడగరు" అనే ఏజెంటూ మన మధ్యే ఉన్నాడు. రాస్తే అదనపు ప్రీమియం పడొచ్చు, కంపెనీ కాదనొచ్చు, అమ్మకం పోతుందని ఆయన భయం. కానీ ఆయన చెప్పింది తప్పు. మూడేళ్లన్నది ముందే చెప్పిన జబ్బులకు ఆగాల్సిన గరిష్ఠ గడువు, 2024 ఏప్రిల్‌లో నాలుగేళ్ల నుంచి తగ్గించారు. చెప్పని జబ్బు గురించి కంపెనీ ఐదేళ్ల దాకా ప్రశ్నించగలదు. మోసమని రుజువు చేయగలిగితే ఆ తర్వాత కూడా.

కాబట్టి "మా నాన్నగారికి షుగర్ ఉందండి" అని ముందు మీరే అనండి. "ఎప్పట్నుంచండీ, రిపోర్టులున్నాయా" అని అడిగితే కూర్చోబెట్టండి. "అది రాయక్కర్లేదండి" అంటే మేనమామైనా సరే, వద్దు. కమీషన్‌లో కొంత మీకే వెనక్కిస్తానన్నా వద్దు. బీమా చట్టం 41వ సెక్షన్ దాన్ని నిషేధించింది, 10 లక్షల దాకా జరిమానా ఉంది. పైగా కూలి వదులుకున్నవాడు ఏటా రెన్యూవల్‌కి మీ గుమ్మం ఎందుకు ఎక్కుతాడు?

బ్యాంకు ఇచ్చే గ్రూప్ పాలసీ చవకగానే ఉంటుంది. బ్యాంకు రేపు కంపెనీని మారిస్తే మీ పాలసీ ఏమవుతుందో అడిగి తీసుకోండి.

మా ఇంట్లో ఈ మధ్య మా అత్తగారికి తీసుకున్నాం. ఏ పాలసీ అన్నది ఆన్‌లైన్‌లో చదివి మేమే తేల్చుకున్నాం, రాయించింది పాలకొల్లు ఏజెంటు చేత. ఆ కంపెనీ ఆయన చేసేదే కావడం కలిసొచ్చింది. బీపీ మాత్ర ఎప్పుడు మొదలైందో తేలేదాకా ఆయన ఫారం మీద కలం పెట్టలేదు. కొంత అదనపు ప్రీమియం పడింది, కట్టాం. ముప్పైల్లో ఉన్నవాళ్లు తమకోసం తీసుకుంటుంటే మాత్రం ఆన్‌లైనే చాలు, మీ ఒంటి సంగతి మీకు తెలుసు.

నాన్నగారు తెలుగులో సంతకం చేస్తే ఫారంలో ఇంకో సంతకం కూడా పడాలి. ప్రశ్నలన్నీ ఆయనకు తెలిసిన భాషలో వివరించానని, ఫారం నింపినవారు ధ్రువీకరించే చోటు అది. దాన్ని ఖాళీగా వదలనివ్వకండి. పాలసీ ముఖ్యాంశాలుండే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీటు తెలుగులో కావాలని అడగండి.

ఇప్పటికే ఆన్‌లైన్‌లో తీసేసుకున్నవాళ్లు ప్రపోజల్ ఫారం కాపీ ముందు పెట్టుకుని, అమ్మానాన్నలకు ఫోన్లో ఒక్కో ప్రశ్నా చదివి వినిపించండి. ఏదైనా తప్పిందని తేలితే, పాలసీ చేతికొచ్చి 30 రోజులు దాటకపోతే ఫ్రీలుక్ కింద వెనక్కిచ్చేసి, సరిగ్గా రాసి మళ్లీ తీసుకోవచ్చు. దాటిపోతే రెన్యూవల్ దాకా ఆగకుండా కంపెనీకి రాసి పంపండి. వాళ్లు ప్రీమియం పెంచొచ్చు, షరతులు మార్చొచ్చు. అవి నచ్చక వేరే కంపెనీకి పోర్ట్ చేసుకోవాలనుకుంటే రెన్యూవల్ తేదీకి కనీసం 45 రోజుల ముందే దరఖాస్తు పెట్టాలి. అందులోనూ షుగర్ గడి నింపాల్సిందే.