గేలిక్ కుటుంబ కథ బట్టలో చెప్పాలంటే టార్టనా, ట్వీడా, చెక్కపెట్టెనా... ఏది మేలు?

స్కాట్లండ్‌లో గేలిక్ భాష మాట్లాడే కుటుంబాల మూలాలున్నవాళ్ళు తాతముత్తాతల కథని ఆర్ట్ పీస్‌గా చెయ్యాలనుకుంటే ముందు చెయ్యి పోయేది టార్టన్ అనే గళ్ళ ఉన్నిగుడ్డ మీదకే. ఇంటిపేరు మాక్లౌడ్ అయితే మాక్లౌడ్ గళ్ళ గుడ్డ కొనేసి కుట్టేయడమే. సులువే, కాదనను, కానీ క్లాన్‌కో (అంటే ఒక్కో వంశానికో) గళ్ళ డిజైన్ అనేది అనుకున్నంత పాతదేం కాదండీ, 1822లో నాలుగో జార్జ్ రాజు ఎడిన్‌బరా వచ్చాక ఆ మోజు బాగా ముదిరింది, 1842లో అచ్చేసిన ఒక టార్టన్ల పుస్తకమైతే ప్రాచీన గ్రంథం పేరుతో వదిలిన ఫోర్జరీ. పైగా ఆ గళ్ళు ఆ ఇంటిపేరున్న వేలమందివి, మీ నాయనమ్మ ఒక్కదానివి కావుగా. అంతగా గళ్ళే కావాలంటే కొత్త డిజైన్ గీయించుకుని స్కాటిష్ రిజిస్టర్ ఆఫ్ టార్టన్స్‌లో నమోదు చేయించుకోవడం నయం.

హారిస్ ట్వీడ్ అనే ముతక ఉన్నిగుడ్డ సంగతి వేరు. 1993 చట్టం ప్రకారం స్కాట్లండ్ పడమటి ఔటర్ హెబ్రిడీస్ దీవుల్లోనే ఉన్నికి రంగేసి, వడికి, అక్కడివాళ్ళు తమ ఇళ్ళలోనే మగ్గం మీద నేస్తేనే ఆ పేరు. రంగు వడకకముందే వేస్తారు కాబట్టి దూరం నుంచి ఉత్త గోధుమరంగులా ఉన్న గుడ్డని కంటికి దగ్గరగా పెట్టుకుంటే ఒకే పోగులో నారింజ, పచ్చ, ఊదా నూగు కలగలిసి కనబడుతుంది. పూర్వం రాళ్ళమీది క్రోటల్ అనే లైకెన్ గీకి తెచ్చి ఉన్నితో కలిపి ఉడికించి ఎర్రగోధుమ రంగు తీసేవాళ్ళు, నేసిన గుడ్డ చిక్కబడడానికి పులిసిన మూత్రంలో తడిపి (అవును, మూత్రమే) ఆడవాళ్ళు బల్లచుట్టూ కూర్చుని బాదేవాళ్ళు, ఒకావిడ చరణం అందుకుంటే మిగతావాళ్ళు పల్లవి. ఆ పాటలు టోబర్ అన్ డువల్ఖిష్ ఆన్‌లైన్ ఆర్కైవ్‌లో వినొచ్చు. మీ దీవి పాట దొరికితే ఆ పల్లవినే గుడ్డమీద కుట్టేయొచ్చు. కాకపోతే ఇది మన గొంగళంత కాదుగానీ గరుకే, సన్నదారంతో చిన్న అక్షరాలు కుడితే నూగులో మునిగిపోతాయి, లావు ఉన్నిదారంతో గొలుసుకుట్టు వెయ్యాలి, కత్తిరించిన అంచులు వెంటనే మడిచి కుట్టకపోతే పోగులు ఊడొస్తాయి.

ఇక మిక్స్‌డ్ మీడియా పెట్టె, అంటే రకరకాల వస్తువులు అమర్చిన చెక్కపెట్టె. ఇన్వర్‌నెస్‌లో 1941లో పుట్టిన విల్ మాక్లీన్ అనే కళాకారుడు పెట్టెలాంటి చెక్క నిర్మాణాల్లో హైలండ్ (స్కాట్లండ్ ఉత్తరాది కొండసీమ) జాలర్ల బతుకుని వస్తువులతోనే చెప్పాడు, అవి చూస్తే గుడ్డ వల్ల కానిదేంటో అర్థమవుతుంది. ఉదాహరణకి 1919 జనవరి 1న మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి ఇంటికొస్తున్న నావికులతో అయొలెయర్ ఓడ లూయిస్ దీవిలోని స్టోర్నవే రేవు దగ్గర రాళ్ళకి కొట్టుకుని సుమారు 200 మంది పోయారు, ఎక్కువమంది లూయిస్, హారిస్ దీవులవాళ్ళే. అలాంటి ఇంట్లో మిగిలిందల్లా ఒక ఉత్తరం, ఒక యూనిఫాం బొత్తం అయితే వాటికి ఆ చెక్కపెట్టే సరైన చోటు.

వస్తువులున్న ఇంటికి పెట్టె, పేరూ ఊరూ తప్ప ఏమీ మిగలనివాళ్ళకి ట్వీడ్, నా ఓటు ఇలా పడుతుంది. రెండూ కలపాలనుకుంటే ట్వీడ్‌ని పెట్టె లోపల వెనకగోడకి పరవండి, బావుంటుంది, కానీ తుప్పుపట్టిన గాలాలు ఉన్నికి తగిలితే మరక పోదు, చిమ్మెటలు చూసుకుంటుండాలి. పాత ఉత్తరాలకి, ఫోటోలకి జిగురు పూయొద్దు, స్కాన్ చేసి కాటన్ గుడ్డమీద ప్రింట్ తీయించి అది కుట్టండి.