పేదరికాన్ని కొలిచిన రెండు పద్ధతులు: బూత్ లండన్, రౌన్‌ట్రీ యార్క్

1886లో ఓడల వ్యాపారి చార్లెస్ బూత్ లండన్ పేదరికం సర్వే మొదలుపెట్టినప్పుడు ఇంటింటికీ తిరగలేదు. బడి హాజరు చూసే స్కూల్ బోర్డు ఉద్యోగుల నోటు పుస్తకాల మీద ఆధారపడ్డాడు. చిక్కు అక్కడే ఉంది: బడి ఈడు పిల్లలున్న ఇళ్లే వాళ్లకు తెలుసు, మిగతావి అంచనా. వారానికి 18 నుంచి 21 షిల్లింగుల ఆదాయమన్న పేదరిక గీత కూడా చూపు మీద గీసిందే. అయినా 30.7 శాతం పేదలని తేలింది.

1899లో ఇంగ్లండ్‌లోని యార్క్ పట్నంలో చాక్లెట్ వ్యాపార కుటుంబానికి చెందిన సీబోమ్ రౌన్‌ట్రీ 11,560 కుటుంబాల వివరాలు సేకరించాడు. బతకడానికి అయిదుగురి ఇంటికి వారానికి కనీసం కావలసింది లెక్కకట్టాడు: తిండి 12 షిల్లింగుల 9 పెన్నీలు (షిల్లింగుకు 12 పెన్నీలు), అద్దె 4 షిల్లింగులు, బట్టలు, బొగ్గు వగైరా 4 షిల్లింగుల 11 పెన్నీలు. మొత్తం 21 షిల్లింగుల 8 పెన్నీలు. ఆ తిండిలో తాజా మాంసం లేదు. ఉత్తరానికి స్టాంపు కొన్నా లెక్క తప్పుతుంది. అంత బిగించినా 9.91 శాతం గీత కిందే ఉన్నారు, ముఖ్యంగా కూలి చాలక. ఆదాయం గీత పైనే ఉన్నా ఇంకో 17.93 శాతం పేదలన్నది మాత్రం ఇంటి వాలకం చూసి వేసిన లెక్క. అది అంత గట్టిది కాదు.

విధానానికి పనికొచ్చే కొలత రౌన్‌ట్రీదే: ఎంత తక్కువైందో పెన్నీలతో సహా చెబుతుంది. వృద్ధాప్య పింఛను కోసం గట్టిగా వాదించింది మాత్రం బూత్. 1908 బ్రిటిష్ పింఛను చట్టం డెబ్బై దాటిన పేదలకు వారానికి 5 షిల్లింగుల దాకా ఇచ్చింది.