పసుపులో సీసం: గ్రాఫ్ పద్ధతా, ఐసోటోప్ పద్ధతా?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో కొన్న పసుపులో సీసం ఎంతుందో చూడాలనుకోండి. రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపే కల్తీ ఉంది కదా. పరమాణువులను బరువును బట్టి వేరుచేసి లెక్కించే ఐసీపీ-ఎంఎస్ మెషిన్ ఒకటే, లెక్క తీసే దారులు రెండు.

మొదటిది, తెలిసిన మోతాదు ద్రావణాలతో గ్రాఫ్ గీసి పోల్చడం. చవక, తొందరగా అయిపోతుంది. కానీ యాసిడ్‌లో కరిగించేటప్పుడు కొంత ఒలికినా, పసుపులోని మిగతా పదార్థాలు సిగ్నల్‌ను తగ్గించినా అంకె తప్పుతుంది.

రెండోది ఐసోటోప్ డైల్యూషన్. ఐసోటోప్‌లంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు; సీసంలో 206, 208 లాంటివి ఉంటాయి. కరిగించక ముందే సీసం-206 ఎక్కువగా ఉన్న ద్రావణాన్ని తూచి కలుపుతారు. రెండూ పూర్తిగా కలిసిపోయాక సగం ఒలికిపోయినా 206, 208ల నిష్పత్తి మారదు; అసలు సీసం ఎంతో ఆ నిష్పత్తే చెబుతుంది. అయితే సీసం నిష్పత్తులు గని గనికీ వేరు, అందుకే ఏమీ కలపని నమూనానూ విడిగా కొలవాలి. ఖర్చూ ఎక్కువే. పాత్రల నుంచి, యాసిడ్ నుంచి చేరే సీసాన్ని రెండు పద్ధతులూ పట్టలేవు, అందుకే పసుపు వేయకుండా అదంతా చేసి చూసే బ్లాంక్ పరీక్ష తప్పనిసరి.

పిల్లల పాలలో వేసే పసుపు మీద తగవు వస్తే నేను రెండోదే అడుగుతాను. ఆర్సెనిక్‌కు ఆ అవకాశం లేదు: ప్రకృతిలో దానికి 75 ఒక్కటే స్థిర ఐసోటోప్, నిష్పత్తి చూడటానికి రెండోది లేదు.