జీఆర్ఈ వెర్బల్‌కి ఏది మేలు: వర్డ్ లిస్టా, రూట్సా, చదవడమా?

అమెరికాలో ఎంఎస్ చేద్దామని బీటెక్ మూడో ఏడాదిలో అనుకోగానే మొదట చేతికొచ్చేది ఒక పీడీఎఫ్. అక్కడి పీజీ అడ్మిషన్లకి రాసే జీఆర్ఈ పరీక్షలో వెర్బల్ అనే ఇంగ్లిష్ భాగం కోసం సీనియర్ల గ్రూపుల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్న 3500 పదాల జాబితా అది. ఏ నుంచి జడ్ దాకా ఉంటుంది. చాలామంది బి, సి దగ్గరే ఆగిపోతారు. 'అబేట్', 'అబెరెంట్' నిద్రలో లేపి అడిగినా చెబుతారు గానీ 'విటుపరేట్' దాకా ఎప్పుడూ వెళ్లి ఉండరు.

అంత పెద్ద జాబితాకి ఒకప్పుడు అర్థం ఉండేది. 2011 ఆగస్టు ముందు వరకు జీఆర్ఈలో యాంటనిమ్స్ (వ్యతిరేక పదాలు), అనాలజీస్ (పదాల జంటల మధ్య పోలికలు) అడిగేవారు. పదం తెలిస్తే మార్కు, తెలియకపోతే లేదు. ఆ రెండింటినీ తీసేశారు. 2023 సెప్టెంబరు 22 నుంచి పరీక్ష మొత్తం 1 గంట 58 నిమిషాలకు తగ్గింది. వెర్బల్‌లో రెండు సెక్షన్లు: ఒకదాంట్లో 12 ప్రశ్నలకు 18 నిమిషాలు, ఇంకోదాంట్లో 15 ప్రశ్నలకు 23 నిమిషాలు. ఈ 27లో దాదాపు సగం టెక్స్ట్ కంప్లీషన్, సెంటెన్స్ ఈక్వివలెన్స్, అంటే వాక్యంలో ఖాళీలు నింపేవి. పదాల పని పోలేదు, కానీ పదం ఒంటరిగా ఎదురుపడటం మాత్రం పోయింది.

సెంటెన్స్ ఈక్వివలెన్స్ ఎలా ఉంటుందో తెలుగులో ఒకటి కట్టి చూపిస్తాను. "మైకు దొరికితే గంటకి తగ్గని ఆ నాయకుడు ఆ రోజు విలేకరుల ముందు మాత్రం ______గా ఉండిపోయాడు." ఆప్షన్లు ఆరు: గారులస్, లాకోనిక్, బెలికోస్, లొక్వేషియస్, అఫబుల్, టాసిటర్న్. రెండు ఎంచుకోవాలి. జాబితా బట్టీ పట్టినవాడికి గారులస్, లొక్వేషియస్ ఒకే అర్థమని వెంటనే వెలుగుతుంది. రెండూ వాగుడు మనిషికి వాడేవే. జత దొరికిందని టిక్ పెట్టేస్తాడు. వాక్యంలో ఉన్న 'మాత్రం' అనే చిన్న మాట అర్థాన్ని తిప్పేసింది, కాబట్టి జవాబు మితభాషికి వాడే లాకోనిక్, టాసిటర్న్. ఇక్కడ మార్కు పోయింది పదాలు రాక కాదు. అలాగని ఆ నాలుగు పదాలు తెలియనివాడికి 'మాత్రం' పట్టుకున్నా లాభం లేదు. ఈ రెండో సంగతి వదిలేసి "జీఆర్ఈకి వొకాబ్ అక్కర్లేదు, లాజిక్ చాలు" అని వీడియోల్లో చెప్పేవాళ్లని నేను నమ్మను.

మరి పదాలు ఎలా ఎక్కించుకోవాలి? నా ఓటు ముందు ఫ్లాష్‌కార్డులకే, అదీ వెయ్యి పదాల చిన్న జాబితాతో. చదివింది కొద్ది రోజుల్లోనే ఎంత జారిపోతుందో హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చూపించాడు. మర్చిపోబోయే సమయానికి కార్డుని మళ్లీ ముందుకు తెచ్చే యాప్‌లు ఆ లెక్క మీదే నడుస్తాయి. వాటిలో యాంకీ ఆండ్రాయిడ్‌లో, కంప్యూటర్లో ఉచితం; ఐఫోన్‌కి డబ్బు కట్టాలి. సెట్టింగ్స్ ముట్టుకోకపోతే అది రోజుకి 20 కొత్త కార్డులు ఇస్తుంది. వెయ్యి పదాలకి 50 రోజులు. అదే 3500కి 175 రోజులు, అంటే దగ్గర దగ్గర ఆరు నెలలు. ప్రాజెక్టు, ప్లేస్‌మెంట్లు, ఎస్ఓపీ (అప్లికేషన్‌తో పంపే వ్యాసం) మధ్య ఆరు నెలలు ఎవరూ లాగలేరు. వెయ్యి పూర్తి చేసినవాడు 3500లో మూడో వంతు చేసి ఆపేసినవాడికంటే నయం, ఎందుకంటే రెండోవాడి పదాలన్నీ మొదటి అక్షరాలవే.

కార్డు మీద ఏం రాస్తారన్నది కూడా ముఖ్యమే. ముందు పదం, వెనక ఒక్క ముక్క అర్థం రాస్తే అది చిన్న సైజు పీడీఎఫ్ తప్ప ఇంకేమీ కాదు. ముందు వైపు పూర్తి వాక్యం రాయండి. వెనక అర్థం, అది పొగడ్తా తిట్టా అన్న గుర్తు, దాని జత పదం రాయండి. పరీక్షలో చాలాసార్లు పదం కచ్చితమైన అర్థం గుర్తుకు రాదు. మంచికి వాడతారా చెడుకి వాడతారా అన్నది గుర్తున్నా రెండు మూడు ఆప్షన్లు ఎగిరిపోతాయి.

బండగుర్తులకి సిగ్గుపడొద్దు. గారెలు నములుతూ కూడా నోరు ఆపని పెద్దాయన గారులస్. పెన్నుకి రీఫిల్ కూడా కొనుక్కోలేని స్థితి పెన్యురీ, అంటే కటిక పేదరికం. ఎదుటివాళ్లకి నవ్వొస్తుంది గానీ పరీక్ష హాల్లో మీ బుర్రలోకి ఎవరూ తొంగి చూడరు కదా.

రూట్స్, అంటే పదాల మూల ధాతువుల సంగతి కొంచెం వేరు. లాటిన్‌లో మాట్లాడటానికి సంబంధించిన 'లొక్' అనే ధాతువు తెలిస్తే లొక్వేషియస్, ఎలొక్వెంట్, గ్రాండిలొక్వెంట్, సర్కమ్‌లొక్యూషన్ ఒకే గుత్తిగా పట్టుబడతాయి. సంస్కృత ధాతువులు, ఉపసర్గలు చదివినవాళ్లకి ఈ పద్ధతి సొంత ఇంట్లా ఉంటుంది, సరదాగానూ ఉంటుంది. ఆ సరదాలోనే ప్రమాదం ఉంది. 'ఎనర్వేట్' చూడగానే ఎనర్జీ గుర్తొస్తుంది. దాని అర్థం నీరసపరచడం. 'నాయిసమ్'కి నాయిస్‌తో చుట్టరికం లేదు, అది కంపు కొట్టేదానికి వాడతారు. 'రెస్టివ్' అంటే విశ్రాంతిగా ఉన్నవాడు కాదు, కుదురు లేనివాడు. ఆప్షన్లు తయారుచేసేవాళ్లకి ఈ పోలికలు మనకంటే బాగా తెలుసు. కాబట్టి రూట్స్‌తో అర్థం ఊహించడం చివరి దారి. ముందే నేర్చుకున్న పదాన్ని గట్టిగా నిలబెట్టుకోవడానికి మాత్రం బాగా పనికొస్తాయి.

ఇక చదవడం. నిజానికి అన్నింటికంటే లోతుగా పనిచేసేది ఇదే, అన్నింటికంటే నెమ్మదీ ఇదే. హిందూ ఎడిటోరియల్ చదవమని ప్రతి ఇంట్లో ఒకరైనా చెబుతారు. సివిల్స్ వాళ్లకి అది సరే. జీఆర్ఈ పాసేజీలు జీవశాస్త్రం, చరిత్ర, కళలు, సమాజశాస్త్రం లాంటి వాటి నుంచి వస్తాయి, ఒక పండితుడు ఇంకో పండితుణ్ని మర్యాదగా కాదనే ధోరణిలో ఉంటాయి. ఆ ధోరణికి సైంటిఫిక్ అమెరికన్, న్యూయార్కర్ లాంటి పత్రికల్లోని పెద్ద వ్యాసాలు దగ్గర.

చదవకపోతే దొరకనిది ఒకటుంది: తెలిసిన పదానికి తెలియని అర్థం. మనకి బ్యాంకులో లోన్ శాంక్షన్ అవుతుంది, మేనేజర్‌కి టెంపర్ ఎక్కువ, మనవాడు మెయిన్స్‌కి క్వాలిఫై అయ్యాడు. జీఆర్ఈ వాక్యంలో శాంక్షన్ అనుమతి కావచ్చు, శిక్ష కూడా కావచ్చు. టెంపర్ అంటే తీవ్రత తగ్గించడం. క్వాలిఫై అంటే చెప్పిన మాటకి పరిమితి పెట్టడం. ఇలాంటి పదాల్ని "ఇది నాకొచ్చు" అని జాబితాలో దాటేసి వెళ్తారు. నా లెక్కలో ఎక్కువ మార్కులు మింగేవి ఇవే, విటుపరేట్ కాదు.

అందుకే పరీక్షకి ఏడాది ఉంటే చదవడం ముందు పెట్టండి, ఎదురైన పదాలతోనే కార్డులు కట్టుకోండి. రెండు మూడు నెలలే ఉంటే వెయ్యి పదాల కార్డులు, రోజూ ఒక వ్యాసం, వారాంతాల్లో జీఆర్ఈ నడిపే ఈటీఎస్ వాళ్లు అచ్చేసిన ప్రశ్నలు. బయటి కంపెనీల ప్రశ్నల్లో పదాలు కష్టంగా ఉంటాయి గానీ వాక్యం అంత బిగువుగా ఉండదు. స్లాట్‌కి డబ్బు కట్టే ముందు మీరు అప్లై చేసే యూనివర్సిటీలు అసలు జీఆర్ఈ అడుగుతున్నాయో లేదో చూసుకోండి. చాలా డిపార్ట్‌మెంట్లు దాన్ని ఆప్షనల్ చేశాయి.

మూడు వారాలే మిగిలితే కొత్త కార్డులు ఆపేయండి. పాతవి తిప్పుతూ, ఈటీఎస్ ఉచితంగా ఇచ్చే రెండు పవర్‌ప్రెప్ నమూనా టెస్టులు వారానికొకటి చొప్పున రాయండి. తప్పు పోయిన ప్రతి ఖాళీ పక్కన 'పదం రాలేదు' అనో, 'వాక్యం సరిగా చదవలేదు' అనో రాసుకోండి. చివరి వారం ఏ కుప్ప పెద్దదైతే దాని మీదే కూర్చోండి.