పాత ఇటుక గోడ సందులకు సున్నమా, సిమెంటా?

పక్కింటితో గోడ కలిసి ఉండే పాత వరుస ఇంట్లో ఇటుకల మధ్య మాలు రాలుతుంటే, మేస్త్రీ నోట మొదట వచ్చే మాట సిమెంట్. త్వరగా గట్టిపడుతుంది, ఎక్కడైనా దొరుకుతుంది, పని తెలిసినవాళ్లూ ఎక్కువే. సున్నం అలా కాదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ వారాల తరబడి గట్టిపడుతుంది. మొదటి కొన్ని రోజులు తడి గోనెపట్టా కప్పి కాపాడాలి, మంచు కురిసే రోజుల్లో అసలు ముట్టుకోకూడదు.

అయినా నా ఓటు సున్నానికే. ఇప్పుడు మనం మామూలుగా వాడే పోర్ట్‌లాండ్ సిమెంట్‌కు పేటెంట్ వచ్చింది 1824లో. ఆ తర్వాత కూడా చాలాకాలం ఇళ్లు సున్నంతోనే కట్టారు. ఆనాటి ఇటుక మెత్తన. గోడలో చేరిన తేమ సున్నపు సందుల్లోంచి బయటికి పోతుంది. అక్కడ సిమెంట్ నింపితే దారి మూసుకుపోయి, తేమ ఇటుకలోంచే పోవాలి. కొన్నేళ్లకు ఇటుక ముఖం పెచ్చులుగా ఊడిపోతుంది, వేలితో రుద్దితే ఎర్రటి పొడి రాలుతుంది, సందులోని సిమెంట్ మాత్రం గీతల్లా పొడుచుకుని నిలబడుతుంది. మాలు పాడైతే మళ్లీ నింపొచ్చు, ఇటుక పోతే ఎలా?

ఏది వాడినా, సందు వెడల్పుకు కనీసం రెండింతల లోతు పాత మాలు తీయాలి. గ్రైండర్ వద్దు, ఇటుక అంచులు తెగుతాయి. ఉలితో నిదానంగా చేయించండి. సిమెంట్‌తోనే కట్టిన గట్టి ఇటుకల గోడైతే సిమెంటే వాడుకోవచ్చు. అంతకంటే ముందు, గోడకు తేమ చేరకుండా, కప్పు అంచున వాన నీరు కారే గట్టర్ ఉంటే బాగుచేయించండి.