విశ్రాంత ఉద్యోగుల సలహాదారు కావాలనుకుంటే: నేను చేరిన శిక్షణ తరగతి

పదవీ విరమణ చేసినవారికి ఆర్థిక సలహాదారుగా స్థిరపడాలన్న ఉద్దేశంతో హైదరాబాద్‌లోని ఒక శిక్షణ సంస్థలో మూడు నెలలు చదివాను. స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ 2013 నిబంధనల కింద ఫీజు తీసుకుని పెట్టుబడి సలహా ఇవ్వాలంటే, సెబీ నెలకొల్పిన విద్యా సంస్థ ఎన్‌ఐఎస్‌ఎం నిర్వహించే 10-ఎ, 10-బి పరీక్షల్లో ఉత్తీర్ణులై నమోదు చేయించుకోవాలి. ఆ పరీక్షల వరకు ఇక్కడి బోధన నిజంగా మేలైనది.

ఒక ఆదివారం తరగతిని నేను మరువలేను. చేతికి 40 లక్షలు వచ్చిన ఒక ఉపాధ్యాయుడి లెక్కను అధ్యాపకురాలు బోర్డుపై వేశారు. సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో గరిష్ఠంగా 30 లక్షలు పెడితే, 8.2 శాతం వడ్డీ చొప్పున మూడు నెలలకొకసారి 61,500 రూపాయలు అందుతాయని చూపి, ఆ మొత్తం ఐదేళ్లూ మారదు గానీ మందుల ధరలు మారతాయి కదా, మిగిలిన పది లక్షలు ఎక్కడ ఉంచుతారని అడిగారు. ఆసుపత్రి అవసరానికి వెంటనే తీయగల సొమ్ము, నామినీ పేరు, వడ్డీలో ముందే పన్ను కోయకుండా వృద్ధులు ఇచ్చే 15హెచ్ ఫారం, పిల్లలకు ఇచ్చే అప్పులు అంటూ రెండు గంటలు ఆ ప్రశ్న చుట్టూనే చర్చ సాగింది.

అయితే చివరి రెండు వారాలు నన్ను బాధించాయి. ఖాతాదారులను సంపాదించడం నేర్పుతామని చెప్పి, డెబ్బై ఏళ్లవారికి దీర్ఘకాలిక బీమా పాలసీలు అమ్మి కమీషన్ పొందే పద్ధతులే ఎక్కువగా చెప్పారు. జీవితకాలపు పొదుపును మన చేతిలో పెట్టేవారి విషయంలో ఇది తప్పని నా దృఢమైన అభిప్రాయం. పరీక్షల కోసమైతే చేరండి. ఆ చివరి రెండు వారాలు మాత్రం తరగతికి బదులు అనుభవమున్న, ఫీజు మాత్రమే తీసుకునే సలహాదారు దగ్గర కూర్చోండి.